గడప దాటని పిల్లిని ఆడించడం ఎలా

ఇంటి నిండా బొమ్మలు ఉన్నా పిల్లి వాటిలో ఒక్కదాన్నీ ముట్టుకోకుండా కిటికీ దగ్గర ముడుచుకొని పడుకుంటోందంటే, తప్పు పిల్లిదీ కాదు, బొమ్మలదీ కాదు. కదలని వస్తువు పిల్లి దృష్టిలో చచ్చిన ఎలుకతో సమానం. చచ్చిన ఎలుకను పొంచి పట్టవలసిన పని దానికేముంది? ఎదిగిన పిల్లి వస్తువులతో ఆడే ఆటంతా వేటకు సంబంధించినదే. ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో జాన్ బ్రాడ్‌షా, సారా హాల్ అనే పరిశోధకులు 1990ల చివర్లో చేసిన ప్రయోగాల్లో, ఆకలిగా ఉన్న పిల్లులు బొమ్మతో మరింత తీవ్రంగా ఆడాయి. అంటే ఆకలి వేటను ఎలా పదును పెడుతుందో ఆటనూ అలాగే పదును పెట్టిందన్నమాట. కాబట్టి కింద చెప్పబోయే పనులన్నీ ఒకే మాట చుట్టూ తిరుగుతాయి: మీరు పిల్లికి వినోదం కలిగించనక్కరలేదు, రోజుకు కాసేపు ఎలుకగా మారితే చాలు.

మొదట వారం రోజులు గమనించండి

కొత్త బొమ్మ కొనడానికి ముందు, మీ పిల్లి ఏ వేళలో హుషారుగా ఉంటోందో, దేని వెంట పడుతోందో వారం రోజుల పాటు రాసిపెట్టండి. పిల్లి రోజుకు 12 నుంచి 16 గంటల వరకు నిద్రపోతుంది; మిగిలిన సమయంలో దానికి ఒంట్లో చురుకు పుట్టేది ముఖ్యంగా తెల్లవారుజామున, మళ్ళీ సందెవేళ. మధ్యాహ్నం గాఢనిద్రలో ఉన్న పిల్లి ముందు ఈకలు ఆడించి, అది ఒక కన్ను తెరిచి మళ్ళీ మూసుకోగానే సోమరిదని తేల్చేయడం న్యాయం కాదు. అది మెలకువగా ఉన్న వేళకు మీరు వెళ్ళాలి.

రెండో విషయం, మీ పిల్లికి ఇష్టమైన వేట ఏదో తెలుసుకోవడం. కొన్ని పిల్లులు నేల మీద జారేవాటి వెంట పడతాయి, కొన్నింటికి గాలిలో ఎగిరేవి కావాలి, మరికొన్ని గోడ మీద పాకే పురుగును చూస్తే తప్ప కదలవు. కొసన తాడుతో ఈకలు కట్టిన కర్రను గాలిలో ఎంత తిప్పినా మా పిల్లి చుక్కి తల ఎత్తి చూసేది కాదు. అదే ఈకను తివాచీ అంచు కిందికి దూర్చి కాస్త కదిలిస్తే, గది అవతలి నుంచి పొట్ట నేలకు ఆనించి పాకుతూ వచ్చేది. అది ఎలుకల పిల్లే గాని పక్షుల పిల్లి కాదని గ్రహించడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది.

ఆటకు సిద్ధంగా ఉన్న పిల్లిని గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. కంటిపాపలు పెద్దవవుతాయి, మీసాలు ముందుకు వస్తాయి, చెవులు వస్తువు వైపు నిక్కుతాయి, దూకబోయే ముందు వెనక భాగం అటూ ఇటూ ఊగుతుంది. పిల్లికూనలైతే వెన్ను విల్లులా వంచి, తోక పైకెత్తి, ఎండ్రకాయలా పక్కకు పక్కకు గెంతుతాయి. కిటికీ అవతలి పక్షిని చూసి దవడలు టకటకలాడించడం, లిట్టర్ బాక్సులోంచి, అంటే మలమూత్రాలకు పెట్టిన ఇసుక పెట్టెలోంచి, బయటికి రాగానే ఇల్లంతా ఒక చుట్టు పరుగు తీయడం కూడా మామూలు ప్రవర్తనలే. దీనికి భిన్నంగా చెవులు తలకు అతుక్కుపోయి, తోక కొరడాలా నేలను కొడుతూ ఉంటే అది చిరాకు. అప్పుడు ఆట మొదలుపెట్టవద్దు, మొదలుపెట్టి ఉంటే ఆపండి.

ప్రమాదాలను తొలగించండి

ఆటలో పిల్లి ప్రాణం మీదికి తెచ్చే వస్తువుల్లో మొదటిది దారం. పిల్లి నాలుక మీది ముళ్ళు గొంతు వైపుకు వంగి ఉంటాయి. అందువల్ల నోట్లోకి వెళ్ళిన దారాన్ని అది ఉమ్మివేయలేక మింగుతూ పోతుంది. ఒక కొస నాలుక కిందో కడుపులోనో చిక్కుకొని, మిగిలిన భాగం పేగులోకి దిగితే, దాన్ని ముందుకు నెట్టబోయిన పేగు బొందు బిగించిన లంగాలా కుచ్చిళ్ళు పడుతుంది, ఆ రాపిడికి చివరకు తెగుతుంది కూడా. ఒకసారి నేను కుట్టుపెట్టె మూత వేయడం మరిచిపోయాను. తిరిగి వచ్చేసరికి చుక్కి నోటి పక్కనుంచి నీలం దారం బెత్తెడు వేలాడుతోంది, మిగతాది ఎంత లోపల ఉందో తెలియదు. నా చెయ్యి దాన్ని లాగడానికే వెళ్ళింది. ఎక్కడో చదివింది గుర్తొచ్చి ఆగాను. డాక్టరు మత్తు ఇచ్చి చూస్తే దారం నాలుక వెనక మొదట్లో ఉచ్చులా చుట్టుకొని ఉంది. దాన్ని అక్కడే కత్తిరించి తీశారు. లాగి ఉంటే ఏమయ్యేదో ఆయన చెప్పిన తీరు ఇప్పటికీ చెవిలో ఉంది. కాబట్టి నోటి నుంచి గాని మలద్వారం నుంచి గాని దారం వేలాడుతూ కనిపిస్తే లాగవద్దు, కత్తిరించవద్దు, నేరుగా పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్ళండి.

దారంతో పాటు రిబ్బన్లు, రబ్బరు బ్యాండ్లు, జుట్టుకు వేసుకునే సాగే బ్యాండ్లు, తళుకు కాగితపు పోగులు, ప్లాస్టిక్ సంచుల పిడులు అందకుండా పెట్టండి. కొన్న బొమ్మకు జిగురుతో అతికించిన కళ్ళూ గంటలూ ఉంటే, పిల్లికి ఇచ్చే ముందే మీరు పీకి పారేయండి. లిల్లీ పూల విషయంలో మాత్రం రాజీ పడవద్దు: లిలియం, హెమరోకాలిస్ జాతుల లిల్లీలు పిల్లి మూత్రపిండాలను పాడు చేస్తాయి, ఒంటికి అంటిన పుప్పొడిని నాకినా, పూలు పెట్టిన కూజాలోని నీళ్ళు తాగినా చాలు. ఇక కిటికీలకు, బాల్కనీకి గట్టి జాలీ తప్పనిసరి. పిల్లి ఎక్కడి నుంచి పడినా కాళ్ళ మీదే నిలబడుతుందన్న నమ్మకంతో తెరిచి ఉంచకండి. 1987లో న్యూయార్క్ పశువైద్యులు ప్రచురించిన ఒక పరిశీలనలో, ఐదు నెలల వ్యవధిలో ఎత్తైన భవనాల నుంచి పడి ఒకే ఆసుపత్రికి వచ్చిన పిల్లులు 132.

ఎత్తు, చాటు, గీరుకునే చోటు

2013లో అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ ఫీలైన్ ప్రాక్టిషనర్స్, ఇంటర్నేషనల్ సొసైటీ ఆఫ్ ఫీలైన్ మెడిసిన్ కలిసి ఇచ్చిన మార్గదర్శకాల్లో పిల్లికి ఇంట్లో ఉండవలసిన వాటిని ఐదుగా చెప్పారు: భద్రమైన చోటు; తిండి, నీళ్ళు, లిట్టర్ బాక్సు వంటివి వేరువేరు చోట్ల ఒకటికి మించి ఉండడం; ఆడడానికి, వేటాడడానికి అవకాశం; మనుషులతో నమ్మకమైన, నిలకడైన సాంగత్యం; దాని వాసనల ప్రపంచాన్ని గౌరవించే పరిసరాలు. మూడోదే మన విషయం అయినా, మొదటిది లేనిదే అది కుదరదు. భయపడుతున్న పిల్లి ఆడదు.

అందుకు మీరు ఖర్చు పెట్టవలసింది చాలా తక్కువ. అల్మారా పైభాగాన్ని ఖాళీ చేసి, ఎక్కడానికి మధ్యలో ఒక మెట్టులాంటి బల్ల అమర్చితే పిల్లికి ఇల్లు రెట్టింపైనట్టే, ఎందుకంటే దాని లెక్కలో ఇల్లు నేల వైశాల్యం మాత్రమే కాదు, గోడల ఎత్తు కూడా. కిటికీ పక్కన కూర్చోవడానికి వెడల్పైన చోటు ఒకటి ఇవ్వండి. ఒక అట్టపెట్టెను పక్కకు పడుకోబెట్టి వదిలేయండి. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయం వారు 2014లో ప్రచురించిన అధ్యయనంలో, ఆశ్రయ కేంద్రానికి కొత్తగా వచ్చిన పిల్లుల్లో దాక్కోవడానికి పెట్టె దొరికినవి మొదటి రోజుల్లో దొరకని వాటికంటే త్వరగా కుదుటపడ్డాయి. ఖరీదైన బొమ్మను పక్కకు నెట్టి అది వచ్చిన పెట్టెలో కూర్చునే పిల్లిని చూసి నవ్వుకుంటాం గాని, పొంచి ఉండడానికి చాటు కావాలన్న దాని లెక్క సరైనదే.

గోళ్ళు గీరుకునే స్తంభం కొంటే, పిల్లి వెనక కాళ్ళ మీద నిలబడి ఒళ్ళంతా సాగదీసేంత ఎత్తు ఉందా, బరువు వేస్తే ఊగకుండా ఉందా అని చూసుకోండి. ఊగే స్తంభాన్ని పిల్లి ఒక్కసారే నమ్ముతుంది, తరువాత మీ సోఫానే దానికి దిక్కు.

ఏ బొమ్మలు, ఎన్ని

నాలుగు రకాలు చాలు: మీరు పట్టుకొని కదిలించే ఈకల కర్ర, పిల్లి తనంతట తానే తన్ని తరుముకునే ఎలుకంత చిన్న బొమ్మ, ముందు కాళ్ళతో కౌగిలించుకొని వెనక కాళ్ళతో తన్నడానికి వీలైన మూరెడు పొడవు గుడ్డ బొమ్మ, చప్పుడు చేసే కాగితపు ఉండ. పిల్లి కంటికి నీలం, పసుపు బాగానే తెలుస్తాయి గాని ఎరుపు మసకబారి కనిపిస్తుంది, కాబట్టి ఎర్రటి బొమ్మ ఆకర్షించేది ఎక్కువగా మిమ్మల్నే. చప్పుడు మాత్రం చాలా ముఖ్యం. మనిషి చెవికి 20 కిలోహెర్ట్జ్ దాటిన ధ్వని వినిపించదు. పిల్లి 60 కిలోహెర్ట్జ్ దాటిన సన్నని కీచులను కూడా వింటుంది, ఎలుకలు మాట్లాడుకునేది ఆ స్థాయిలోనే. అందుకే పది బొమ్మలకు లొంగని పిల్లి కూడా నలిపిన కాగితం గరగరకు చెవులు నిక్కిస్తుంది.

అన్నిటినీ ఒకేసారి నేల మీద పరచకండి. రెండు బయట ఉంచి మిగిలినవి మూత ఉన్న డబ్బాలో దాచి, మూడు నాలుగు రోజులకు ఒకసారి మార్చండి. తాడు ఉన్న బొమ్మలు మాత్రం ఆట అయిన వెంటనే బీరువాలోకి వెళ్ళాలి.

వాసనతో పిల్లులను మత్తెక్కించే క్యాట్‌నిప్ అనే మొక్క గురించి కొన్ని మాటలు చాలు. ఆ ఆకులోని నెపెటలాక్టోన్ అనే పదార్థానికి స్పందించే గుణం వంశపారంపర్యం; సుమారు మూడింట రెండు వంతుల పిల్లులు దొర్లుతాయి, తక్కినవి వాసన చూసి వెళ్ళిపోతాయి. కొద్ది నెలల కూనల మీద అది పనిచేయదు. ప్రభావం పది పదిహేను నిమిషాలకు మించి ఉండదు, ఆ తరువాత కొంతసేపు ఎంత పెట్టినా పిల్లి పట్టించుకోదు. వారానికి ఒకసారి చల్లితే సరిపోతుంది.

అసలు పని: కర్రను కదిలించడం

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ఈకల కర్రను పట్టుకొని పిల్లి మూతి ముందు ఊపుతారు, పిల్లి వెనక్కి జరుగుతుంది, ఇంకా దగ్గరకు తెచ్చి ఊపుతారు. ఏ ఎలుకా పిల్లి ముఖం మీదికి పరుగెత్తి రాదు. పైగా జానెడు దూరం లోపలి వస్తువు పిల్లి కంటికి స్పష్టంగా కనిపించదు, అక్కడ మీసాల స్పర్శే దానికి దారి చూపిస్తుంది. కాబట్టి ఈకను ఎప్పుడూ పిల్లికి దూరంగా జరిగేలా గాని, దాని ముందు నుంచి అడ్డంగా పోయేలా గాని కదిలించండి.

పిల్లి వేటకు ఒక వరస ఉంది: చూపు నిలపడం, పొంచి దగ్గరవడం, తరమడం, దూకి పట్టడం, కొరకడం, తినడం. మీ చేతి కదలిక కూడా ఆ వరసనే అనుసరించాలి. మొదట ఈకను గదికి అవతలి మూల నేల మీద పెట్టి, అర నిమిషం కదలకుండా ఉంచండి; తరువాత ఒక్క వేలెడు జరిపి మళ్ళీ ఆపండి. ఈ ఆపడమే ప్రాణం. కదిలే వస్తువు పిల్లి చూపును లాగుతుంది, కదిలి ఆగిన వస్తువు దాన్ని పొంచేలా చేస్తుంది. ఇప్పుడు ఈకను కుర్చీ కాలి వెనక్కి గాని, పరుపు అంచు కిందికి గాని సగం కనిపించేలా జార్చండి. మాయమవుతున్న తోకను చూసి ఆగగలిగిన పిల్లిని నేను ఇంతవరకు చూడలేదు. పిల్లి పొట్ట నేలకు ఆనించి వెనక భాగం ఊపడం మొదలుపెట్టిందంటే దూకబోతోందని అర్థం, సరిగ్గా అప్పుడు ఈకను వణికించి ముందుకు పరుగెత్తించండి.

ఈ పొంచడంలో పిల్లి కదలకుండా ఉన్న నిమిషాన్ని చూసి ఆట అయిపోయిందని కర్ర కింద పెట్టేయకండి. చూపు నిలిపి ఉండడం కూడా ఆటే. కొన్ని పిల్లులకు అదే ఆటలో పెద్ద భాగం. మీరు మాత్రం ఓపిక పట్టాలి.

పక్షులను ఇష్టపడే పిల్లికైతే ఈకను గాలిలో కాసేపు ఎగరనిచ్చి, మధ్యమధ్య నేల మీద వాలనిచ్చి, రెండు మూడు గెంతులు వేయించి మళ్ళీ ఎగరేయండి. ఆగకుండా గిర్రున తిరిగే పక్షిని ఏ పిల్లీ పట్టలేదు, పట్టలేనిదని తెలిసిన దాని వెంట అది ఎక్కువసేపు పడదు. మరీ ఎత్తుకు ఎగిరించి వెల్లకిలా పడేలా చేయవద్దు, జారే నేల మీద అసలే వద్దు.

మూడు నాలుగు ప్రయత్నాలకు ఒకసారి దొరకనివ్వండి. దొరికినప్పుడు వెంటనే లాక్కోకుండా తాడు వదులు చేసి, పిల్లి దాన్ని కరిచి, వెనక కాళ్ళతో తన్ని, ఒక మూలకు మోసుకుపోవడానికి ప్రయత్నిస్తే పోనివ్వండి. అది పట్టు సడలించినప్పుడు ఈక మళ్ళీ ప్రాణం వచ్చినట్టు కదలాలి. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అన్న సామెత ఎలుక వైపు నుంచి పుట్టింది. పిల్లి వైపు నుంచి చూస్తే ఆ చెలగాటంలో జాగ్రత్త పాలు ఎక్కువ, ఎందుకంటే ఎలుకకూ పళ్ళు ఉన్నాయి, దాని బలం తగ్గిందో లేదో పంజాతో తోసి చూసుకోకుండా ముఖం దగ్గరకు తీసుకెళ్ళడం పిల్లికే ప్రమాదం. బొమ్మను పట్టి వదిలి పట్టి వదలడం ఆసక్తి లేకపోవడం కాదు.

ఒక్కో ఆటకు ఐదు నుంచి పది నిమిషాలు, రోజుకు రెండు మూడు సార్లు సరిపోతుంది. ఇది తక్కువని తోచవచ్చు. ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం 2021లో ప్రచురించిన అధ్యయనంలో, బయట తిరిగే పిల్లులతో యజమానులు రోజుకు ఐదు పది నిమిషాలు ఆడినందుకే, అవి చంపి ఇంటికి తెచ్చే జంతువుల సంఖ్య నాలుగింట ఒక వంతు తగ్గింది. ఆట మధ్యలో పిల్లి విసుగు చెందినట్టు కనిపిస్తే, సౌతాంప్టన్ ప్రయోగాల్లో తేలిన ఒక కిటుకు వాడండి. ఒకే బొమ్మను మళ్ళీ మళ్ళీ ఇస్తే పిల్లుల ఆసక్తి తగ్గిపోయింది, కానీ ఐదు నిమిషాల్లోనే వేరే బొమ్మ ఇచ్చేసరికి మొదటికంటే ఎక్కువగా ఆడాయి. పిల్లి అలిసిపోలేదు, ఆ బొమ్మతో అలిసిపోయింది. పిల్లి నోరు తెరిచి కుక్కలా రొప్పుతుంటే మాత్రం ఆట అక్కడికక్కడ ఆపండి. అది తరచుగా జరిగితే గుండెకో ఊపిరితిత్తులకో సంబంధించిన జబ్బు ఉందేమో వైద్యుడికి చూపించాలి.

పట్టిన తరువాత పెట్టాలి

ఆటను హఠాత్తుగా తెంచవద్దు. చివరి రెండు నిమిషాల్లో ఈక కదలికను నెమ్మది చేస్తూ, గాయపడిన ఎలుకలా కుంటిస్తూ, ఆఖరి పట్టు పిల్లికే దక్కనిచ్చి, వెంటనే గిన్నెలో తిండి పెట్టండి. వేట, తిండి, ఒళ్ళు నాక్కోవడం, నిద్ర పిల్లి ఒంట్లో ఒకదాని వెంట ఒకటి కట్టి ఉన్న గొలుసు. ఈ నాలుగూ వరసగా జరిగితే, ఆ రాత్రి మీ కాలివేళ్ళ మీద దాడి జరిగే అవకాశం చాలా తగ్గుతుంది.

లేజర్ లైటు మీద నాకు మంచి అభిప్రాయం లేదు. పిల్లి ఎంత తరిమినా అందులో పట్టుకోవడానికి ఏమీ ఉండదు. కొన్ని పిల్లులు లైటు ఆర్పాక కూడా గోడల మీద వెలుగు నీడలను వెతుకుతూ గంటలు గడుపుతాయి. తప్పక వాడదలిస్తే కళ్ళలో పడనివ్వకండి, రెండు నిమిషాలకు మించనివ్వకండి, చివరికి ఆ చుక్కను ఒక బొమ్మ మీదో ఆహారం మీదో నిలిపి ఆర్పండి.

తిండిని వెతుక్కునేలా పెట్టడం

బయట బతికే పిల్లి రోజుకు ఒక్కసారి కడుపు నిండా తినదు. ఎలుకంత చిన్న వేటలు పదీ అంతకు పైగా తింటుంది, ఒక్కోదానికి వెతుకులాట వేరు. ఇంట్లో గిన్నె నిండా పోసి పెడితే ఆ వెతుకులాటంతా మాయమై, ఖాళీ సమయం కొవ్వుగా మారుతుంది. రోజువారీ పొడి ఆహారంలో కొంత భాగాన్ని తీసి, కోడిగుడ్ల అట్ట గుంటల్లో గాని, రెండు చివరలూ మడిచి పక్కన చిల్లులు పెట్టిన అట్ట గొట్టంలో గాని వేసి ఇవ్వండి. మొదటి రోజు చిల్లులు పెద్దవిగా ఉండాలి, కాలు తగిలితే గింజలు రాలాలి. కష్టపడి తినడం పిల్లికి సహజంగా ఇష్టమని అనుకోవద్దు. చాలా జంతువులు, ఉచితంగా తిండి దొరుకుతున్నా, కాస్త పనిచేసి సంపాదించుకోవడానికే మొగ్గు చూపుతాయి గాని, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ శాఖ 2021లో ప్రచురించిన అధ్యయనంలో పిల్లులు మాత్రం పళ్ళెంలో ఉచితంగా ఉన్నదాన్నే ఎక్కువగా తిన్నాయి. అందుకని తేలికగా మొదలుపెట్టి, వారాల మీద చిల్లులను చిన్నవి చేయండి. అలవాటయ్యే వరకు మామూలు గిన్నె కూడా ఉంచండి. పిల్లి, ముఖ్యంగా లావుగా ఉన్నది, రెండు రోజులు తినకపోతే కాలేయం దెబ్బతినే ప్రమాదం ఉంది, ఆకలితో పాఠం నేర్పే జంతువు కాదది.

మీరు ఇంట్లో లేనప్పుడు

బయటికి వెళ్ళే ముందు నాలుగైదు గింజలను వేరువేరు ఎత్తుల్లో దాచండి, పాత అట్టపెట్టెను చోటు మార్చి పెట్టండి, అందులో నలిపిన కాగితం వేయండి. కిటికీ పక్క చోటు పిల్లికి రోజంతా నడిచే ప్రదర్శన. టీవీలో పక్షుల వీడియోలు పెట్టి వెళ్ళడం వల్ల నష్టం లేదు గాని, పెద్ద ఆశ పెట్టుకోకండి: 2008లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఆశ్రయ కేంద్రంలోని పిల్లులు తెరను చూసింది మొత్తం సమయంలో ఆరు శాతం మాత్రమే. బ్యాటరీతో తిరిగే బొమ్మలు మొదటి రెండు రోజులు పనిచేస్తాయి, ఒకే దారిలో తిరిగే ఎలుకను మూడో రోజుకు పిల్లి చదివేస్తుంది.

చేతులు, కాళ్ళు, తెల్లవారుజాము

కూనగా ఉన్నప్పుడు వేళ్ళతో ఆడిస్తే ముద్దుగానే ఉంటుంది. ఆరు నెలల తరువాత అదే పిల్లికి అవే వేళ్ళు వేటగా కనిపిస్తాయి, పళ్ళు మాత్రం పెద్దవై ఉంటాయి. పిల్లి కాటు సన్నగా, లోతుగా దిగి, నోటిలోని పాశ్చురెల్లా అనే బాక్టీరియాను లోపల వదిలిపెడుతుంది. వాచినా ఎర్రబడినా వైద్యుడికి చూపించుకోవాలి. కాబట్టి చేతులను మొదటి రోజు నుంచే బొమ్మలుగా వాడవద్దు. ఇప్పటికే అలవాటై ఉంటే, కరిచిన క్షణంలో చెయ్యి లాక్కోవద్దు, లాగితే పారిపోతున్న ఎలుకే అవుతుంది. చేతిని చచ్చినట్టు వదిలేసి, పట్టు సడలగానే మెల్లగా తీసుకొని, లేచి పక్క గదికి వెళ్ళండి. రెండు నిమిషాల తరువాత వచ్చి గుడ్డ బొమ్మ ఇవ్వండి. కొట్టడం, అరవడం, నీళ్ళు చల్లడం వల్ల పిల్లికి కరవకూడదని తెలియదు, మీకు దూరంగా ఉండాలని మాత్రం తెలుస్తుంది.

తెల్లవారుజామున నాలుగింటికి దుప్పటి కింద కాళ్ళ మీద దూకే పిల్లిది మరో సమస్య. మీరు లేచి తిట్టినా, తిండి పెట్టినా, బొమ్మ విసిరినా, లేపితే లేస్తారన్నదే దానికి మిగిలే పాఠం. పడుకునే ముందు పైన చెప్పిన పద్ధతిలో పది నిమిషాలు వేటాడించి, తిండి పెట్టి పడుకోండి. తెల్లవారుజామున దానంతట అది తెరుచుకునే ఆహారపు డబ్బా ఉంటే పిల్లి మిమ్మల్ని వదిలి డబ్బాను కాపలా కాస్తుంది. అది లేపినా మీరు లేవడం మానేసిన మొదటి వారం అల్లరి తగ్గకపోగా పెరుగుతుంది. ఆ వారంలో ఒక్కసారి లేచారంటే మళ్ళీ మొదటికి వచ్చినట్టే.

రెండు పిల్లులు ఉంటే

కూనలు నాలుగు వారాల వయసు నుంచి తోబుట్టువులతో కుస్తీ పడుతూ, ఎంత గట్టిగా కరిస్తే ఎదుటిది ఆట మానేస్తుందో నేర్చుకుంటాయి. తొందరపడి తల్లి నుంచి విడదీసిన ఒంటరి కూన ఆ కొలత తెలియకుండా పెరుగుతుంది. కూనను తెచ్చుకోదలిస్తే జతగా తెచ్చుకోవడం మేలని నా అభిప్రాయం. రెండు పెద్ద పిల్లులు పెనుగులాడుతుంటే అది ఆటో పోట్లాటో చెవితోనే పోల్చుకోవచ్చు. ఆట దాదాపు నిశ్శబ్దంగా జరుగుతుంది, ఒకసారి ఇది పైన ఉంటే మరోసారి అది ఉంటుంది, గోళ్ళు లోపలే ఉంటాయి, అయ్యాక రెండూ ఒకే గదిలో కూర్చుంటాయి. గుర్రుమనడం, బుసకొట్టడం, ఎప్పుడూ ఒకటే తరమడం, మరొకటి దాక్కోవడం కనిపిస్తే అది ఆట కాదు. మధ్యలో చెయ్యి పెట్టకుండా, అట్టముక్కో దిండో అడ్డుపెట్టి విడదీయండి. ఈకల కర్రతో ఆడించేటప్పుడు కూడా పిరికి పిల్లికి వేరే గదిలో వేరే ఆట ఇవ్వాలి, లేకపోతే అది ఎప్పటికీ ప్రేక్షకురాలే.

వయసు మీరిన పిల్లి

ఆడడం తగ్గిస్తే వయసైపోయిందని వదిలేయకండి. 2002లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో 12 ఏళ్ళు దాటిన పిల్లుల ఎక్స్‌రేలు చూస్తే, వాటిలో 90 శాతం పిల్లుల్లో కీళ్ళ అరుగుదల ఆనవాళ్ళు ఉన్నాయి. పిల్లి కుంటదు, మూలగదు. అల్మారా ఎక్కడం మానేస్తుంది, దూకే ముందు రెండుసార్లు ఆలోచిస్తుంది, అంతే. నిన్నటి దాకా ఆడిన పిల్లి ఒక్కసారిగా ఆట మానితే అది ఏ వయసులోనైనా వైద్యుడికి చూపించవలసిన సంగతే. నొప్పికి మందు పడ్డాక ఆట మళ్ళీ మొదలవుతుంది, కాకపోతే నేల మీద, మెత్తని పరుపు మీద, ఒక్కోసారి రెండు నిమిషాలే.

చుక్కికి ఇప్పుడు 14 ఏళ్ళు. ఈక దుప్పటి అంచు కింద కదిలితే పరుగెత్తి రాదు, తల పక్కకు వాల్చి చూస్తుంది, తోక కొస మాత్రం అంగుళం మేర అటూ ఇటూ కదులుతుంది. ఆ కొస కదులుతున్నంత సేపు ఈకను ఆపి ఆపి జరుపుతూ ఉండండి, దాని పంజాకు అందే దూరం దాటనివ్వకండి. చివరికి పంజా చాచి ఈకను నొక్కిపట్టగానే తాడు వదులు చేసి, గిన్నెను దాని దగ్గరికే తెచ్చి పెట్టండి.